కోచ్‌ని వెతికే ముందు స్కోరుషీట్లు బయటికి తీయండి

సింగరాయకొండ వైపు నుంచి ఒక క్లబ్ కార్యదర్శి గారు అడిగింది క్లుప్తంగా ఇదీ: క్లబ్బులో పద్నాలుగు మంది కబడ్డీ ఆటగాళ్ళకి నెలజీతం ఇస్తున్నారు. పోయిన సీజన్‌లో 17 మ్యాచ్‌లు ఆడి నాలుగే గెలిచారు. కోచ్ తప్పుకున్నారు. ఇప్పుడు ముగ్గురు కనిపిస్తున్నారు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి ఆడి పేరు తెచ్చుకున్న రైడర్ ఒకరు, దగ్గర్లోని హైస్కూలు పీడీ (వ్యాయామ) మేస్టారు ఒకరు, హర్యానా నుంచి రావడానికి ఒప్పుకున్న కోచ్ ఒకరు. సంక్రాంతి పోటీల లోపు జట్టు నిలబడాలంటే వీళ్ళలో ఎవరిని తీసుకోవాలి?

కార్యదర్శి గారూ, ముగ్గురి గురించీ మీరు చాలా రాశారు. జట్టు పాయింట్లు ఎక్కడ పోగొట్టుకుంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. "డిఫెన్స్ బాలేదు", "పిలకాయల్లో కసి లేదు" అన్నవి ఓడిన రోజు రాత్రి కమిటీలో అనుకునే మాటలు. వాటిని పట్టుకుని కోచ్‌ని ఎంచుకోలేం. జట్టు లోపం ఏమిటో ముందు తేలాలి. ఆ లోపాన్ని మీ కుర్రాళ్ళతోనే, మీ కోర్టులోనే, మీ కళ్ళ ముందు సరిచేసి చూపించినవాడే మీకు కావలసిన కోచ్. ఆయన ఆటగాడిగా తెచ్చుకున్న పతకాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఓడిన 13 మ్యాచ్‌ల స్కోరుషీట్లు తీయండి. స్కోరుషీట్లు లేకపోతే వీడియోలైనా దొరుకుతాయి. ఈమధ్య ఊళ్ళ టోర్నీలన్నీ ఎవరో ఒకరు లైవ్ పెడుతూనే ఉన్నారు. ఇద్దరు కూర్చోండి, ఒకరు వీడియో ఆపుతూ చెబుతుంటే ఇంకొకరు రాయాలి. ప్రతి రైడ్‌కీ ఒక వరస: రైడర్ ఎవరు, అప్పుడు ఎదురుగా ఎంతమంది డిఫెండర్లు ఉన్నారు, ఏం జరిగింది, ఎన్నో నిమిషం. 40 నిమిషాల ఆటలో రెండు జట్లకీ కలిపి సుమారు 80 రైడ్లు. ఒక్కో మ్యాచ్‌కి గంటన్నర పడుతుంది. పదమూడూ చేయలేకపోతే ఎనిమిదైనా చేయండి, కానీ దారుణంగా ఓడినవి మాత్రమే ఏరుకోవద్దు. నాలుగైదు పాయింట్ల తేడాతో ఓడినవే ఎక్కువ చెబుతాయి.

ఆ కాగితాల మీద ఐదు లెక్కలు వేయండి. ఒకటి, మన ట్యాకిల్ (రైడర్‌ని పట్టే) ప్రయత్నాలు ఎన్ని, అందులో నిలిచినవి ఎన్ని. రెండు, ఒక్క ట్యాకిల్‌లో ఇద్దరు ముగ్గురు అవుటయిన సందర్భాలు ఎన్ని. మూడు, మన డూ ఆర్ డై రైడ్లలో (వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత, పాయింటు తేకపోతే రైడర్ అవుటయ్యే మూడో రైడ్) పాయింటు వచ్చినవి ఎన్ని. నాలుగు, ఆలౌట్ (కోర్టులో అందరూ అవుట్) ఎన్నిసార్లు అయ్యాం, అది అయిన తర్వాతి ఐదు నిమిషాల్లో ఎన్ని పాయింట్లు ఇచ్చాం. ఐదు, చివరి ఐదు నిమిషాలు మొదలయ్యేటప్పుడు స్కోరు ఎంత, ఆట అయ్యేసరికి ఎంత.

ఈ లెక్కలు ఎలా చదవాలో చెబుతాను. పది ట్యాకిల్ ప్రయత్నాల్లో నాలుగు కూడా నిలవడం లేదు, పైగా ఒక్కో దెబ్బకి ఇద్దరు ముగ్గురు పోతున్నారంటే కార్నర్లు, అంటే డిఫెన్స్ వరుసకి రెండు చివర్లా నిలబడేవాళ్ళు, తొందరపడుతున్నారన్నమాట. రైడర్ ఇంకా కాలు లోపల పెట్టకముందే ఎడమ కార్నర్ యాంకిల్ హోల్డ్‌కి (చీలమండ పట్టుకి) దూకుతాడు. కార్నర్ పక్కన నిలబడే ఇన్, ఆ తర్వాతి కవర్ ఆ దూకుడుని ఊహించరు, ఒక క్షణం ఆలస్యంగా మీద పడతారు. ఆ ఒక్క క్షణంలో రైడర్ మిడ్‌లైన్ అందుకుంటాడు, ముగ్గురూ బయటికి వెళతారు. ఇది ధైర్యం లేక వచ్చిన లోపం కాదు. ఇద్దరిద్దరుగా కలిసి కదలడం నేర్పకపోవడం వల్ల వచ్చింది. దీనికి డిఫెన్స్‌ని అక్షరాల దగ్గర్నుంచి నేర్పగల కోచ్ కావాలి.

ట్యాకిల్స్ ఫర్వాలేదు, కానీ రైడ్లు ఖాళీగా వస్తున్నాయి, డూ ఆర్ డైలో పదికి మూడు కూడా రావడం లేదంటే అది వేరే జబ్బు. ఒక్క రైడర్ మీద జట్టు ఆధారపడి ఉంటుంది. అతను అవుటయి బెంచీ మీద ఉన్నంతసేపూ మిగతావాళ్ళు మిడ్‌లైన్ దగ్గర కూత పెట్టి తిరిగొస్తుంటారు. ఇలాంటి జట్టుకి రెండో, మూడో రైడర్‌ని తయారుచేసే ఓపిక ఉన్నవాడు కావాలి. బోనస్ (లోపలి గీత దాటితే వచ్చే అదనపు పాయింటు) కోసం వెళ్ళే రైడ్ వేరు, అవతల ముగ్గురే ఉన్నప్పుడు వెళ్ళే రైడ్ వేరు. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే బోనస్ లైన్ పనిచేస్తుందన్న చిన్న విషయం మ్యాచ్ మధ్యలో మరిచిపోయే రైడర్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

మూడోది చివరి ఐదు నిమిషాల్లో కూలిపోయే జట్టు. ఇక్కడ కమిటీలు వెంటనే "ఫిట్‌నెస్ లేదు" అంటాయి. సగం మాత్రమే నిజం. వీడియోలో చూడండి. కుర్రాళ్ళు నడుములు పట్టుకుని వంగి నిలబడుతున్నారా, లేక కాళ్ళు బాగానే ఆడుతున్నా చేయకూడని ట్యాకిల్ చేస్తున్నారా? మొదటిదైతే శరీరం, రెండోదైతే ఆట లెక్క తెలియకపోవడం. ఈ రెండింటికీ ఒకే మందు వేసి, రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తించి, మోకాళ్ళు అరగదీసిన క్లబ్బులు ఉన్నాయి.

పేరు చూసి తీసుకుంటే ఏమవుతుందో, లోపం చూసి తీసుకుంటే ఏమవుతుందో మన తెలుగు టైటాన్స్ చరిత్రలోనే ఉంది. ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ నుంచి పదో సీజన్ దాకా వరుసగా మూడుసార్లు అట్టడుగు స్థానం. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్ల రూపాయలకి కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు ధర. అయినా 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచారు. దేశంలోనే మేటి రైడర్ ఉన్నా వెనక డిఫెన్స్ నిలవకపోతే ఆయన తెచ్చిన పది పాయింట్లూ మరుసటి నిమిషాల్లోనే పోతాయి. 2024లో కోచ్‌గా కృష్ణకుమార్ హుడా వచ్చారు. అంతకుముందు దబంగ్ ఢిల్లీని ఎనిమిదో సీజన్‌లో విజేతగా నిలిపిన మనిషి. ఆ ఏడాది టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగింది, ప్లేఆఫ్ అందలేదు. యాజమాన్యం ఆయన్ని మార్చలేదు. 2025లో జట్టు ఫైనల్‌కి ఒక్క మెట్టు ముందున్న రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళింది. మంచి కోచ్ వచ్చిన మొదటి ఏడాదే కప్పు రాలేదు. మీ కమిటీ ఆ సంగతి ముందే ఒప్పుకుని కూర్చోవాలి.

ఇక మీ ముగ్గురి గురించి.

పేరున్న రైడర్ వస్తే జనం వస్తారు, స్పాన్సరు వస్తారు, కుర్రాళ్ళు మాట వింటారు. ఆ మూడూ విలువైనవే. ప్రమాదం ఎక్కడంటే, సహజంగా వచ్చిన విద్యని విడగొట్టి చెప్పడం చాలామందికి రాదు. "నేను చేసినట్టు చెయ్" అంటారు. ఆయన నడుము తిరిగినట్టు మీ కుర్రాడి నడుము తిరగదు. అలాగని ఆటగాడు కోచ్ కాలేడని కాదు. మన్‌ప్రీత్ సింగ్ 2016లో పట్నా పైరేట్స్‌కి కెప్టెన్‌గా టైటిల్ తెచ్చారు. కోచ్ అయ్యాక గుజరాత్ జట్టుని దాని మొదటి రెండు సీజన్లలోనూ ఫైనల్‌కి తీసుకెళ్ళి రెండుసార్లూ ఓడిపోయారు. కోచ్‌గా కప్పు అందింది 2024లో, హర్యానా స్టీలర్స్‌తో. మధ్యలో చాలా ఏళ్ళు పట్టింది. మీ రైడర్ గారిని అడగాల్సింది ఒక్కటే. మీ జట్టులో అందరికంటే నిదానంగా కదిలే కవర్ కుర్రాడిని పిలిచి, వాడికి థై హోల్డ్ (తొడ పట్టు) నేర్పమనండి. ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఆ ఇరవై నిమిషాల్లో విసుక్కున్నారా, వాడి చేయి ఎక్కడ పడుతోందో వంగి చూసి సరిచేశారా అన్నది చాలు.

పీడీ మేస్టారిని చులకనగా చూడొద్దు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాష్ట్ర స్థాయికి వెళ్ళిన పిల్లల్లో చాలామందికి మొదటి పాఠం చెప్పింది ఇలాంటి మేస్టర్లే. నేర్పడం వాళ్ళ వృత్తి. వాళ్ళ దగ్గర చూడాల్సినవి రెండు. పదిహేనేళ్ళ పిల్లలకి చెప్పే పద్ధతిలోనే పాతికేళ్ళ వాడికి చెబితే వాడు వినడు. రెండోది, చాలామంది మట్టి కోర్టు మీద పెరిగినవాళ్ళు. మట్టి మీద పాదం జారుతుంది, జారుతూనే ఆగుతుంది. మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. పాదం కదలకుండా మోకాలు తిరిగితే లిగమెంట్ తెగుతుంది. మ్యాట్ మీద దిశ మార్చడం ఎలా నేర్పుతారో అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రభుత్వ బడి ఉద్యోగి అయితే బయట జీతానికి పనిచేయడానికి శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. అది లేకుండా మొదలుపెడితే సీజన్ మధ్యలో ఎవరో ఒక ఫిర్యాదు పడేస్తారు. మీకు కోచ్ పోతాడు, ఆయన ఉద్యోగానికి ముప్పు వస్తుంది.

హర్యానా కోచ్ విషయంలో అడ్డంకి భాష. సాధనలో భాష పెద్ద సమస్య కాదు, చేత్తో చూపించవచ్చు. టైమ్ అవుట్ దగ్గర సమస్య. 30 సెకన్లలో ఏడుగురికి మూడు విషయాలు చెప్పాలి. ఆయన హిందీలో చెప్పింది ఒకరు తెలుగులోకి మార్చేసరికి సమయం అయిపోతుంది. భాష దాటలేని గోడ కాదు, దాటాలన్న పట్టుదల ఉంటే. నాసిక్‌కి చెందిన శైలజా జైన్ ఇరాన్ మహిళల జట్టుకి కోచ్‌గా వెళ్ళి పర్షియన్ నేర్చుకుని మరీ నేర్పారు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆ జట్టు 27-24తో మన భారత జట్టునే ఓడించి స్వర్ణం గెలిచింది. మీ హర్యానా కోచ్ మొదటి నెలలో ఇరవై తెలుగు ఆజ్ఞలు నేర్చుకుంటానంటే, పక్కన తెలుగు సహాయకుడిని పెట్టుకుంటానంటే ముందుకు వెళ్ళండి. "ఆటకి భాషతో పనేముంది" అంటే మాత్రం ఆలోచించండి.

ఎవరైనా సరే, ఇంటర్వ్యూ ఒక్కటే చేసి తీసుకోవద్దు. మూడు రోజుల ట్రయల్ పెట్టండి. ముగ్గురికీ వేర్వేరుగా, వేర్వేరు వారాల్లో. ప్రయాణం, బస, భోజనం క్లబ్బు ఖర్చు, రోజుకి రెండు మూడు వేలు గౌరవ వేతనం. ముగ్గురికీ కలిపి ముప్పై నలభై వేలు అవుతుంది. తప్పు మనిషికి ఆరు నెలలు జీతం ఇవ్వడంతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

మొదటి రోజు ఆయన ఏమీ నేర్పకూడదు. మీ పాత సాధన ఎలా జరుగుతుందో అలాగే జరగనిచ్చి చూడమనండి. సాయంత్రం ఆటగాళ్ళ పేర్లతో ఒక కాగితం రాసివ్వమనండి: ఎవరిలో ఏం మంచి ఉంది, ఏం లోపం ఉంది, ఎవరు తప్పు స్థానంలో ఆడుతున్నారు. ఈ కాగితాన్ని మీరు వేసిన స్కోరుషీట్ లెక్కల పక్కన పెట్టండి. మీ లెక్కలు ముందుగా ఆయనకి చూపించవద్దు. రెండు గంటలు చూసి మీ ఎడమ కార్నర్ తొందరపడతాడని కనిపెట్టాడంటే ఆ కన్ను మంచిది. పద్నాలుగు మంది గురించీ "ఇంకా కష్టపడాలి" అని రాసిచ్చాడంటే ఆయన చూడలేదు.

రెండో రోజు డిఫెన్స్ సాధన, 90 నిమిషాలు. మీరు కోర్టు బయట కుర్చీ వేసుకుని కొన్ని విషయాలు గమనించాలి. యాంకిల్ హోల్డ్ నేర్పేటప్పుడు ముందు నడక వేగంతో, తర్వాత సగం వేగంతో, ఆ తర్వాతే పూర్తి వేగంతో చేయిస్తున్నాడా? పట్టుకునేవాడి తల ఎక్కడ ఉంటోందో చూస్తున్నాడా? తల రైడర్ కాళ్ళ మధ్యకో, మోకాలి ఎదురుకో పోతే దవడ పగులుతుంది, మెడ పడుతుంది. తల పక్కకి, భుజం తొడకి ఆనించి, రెండు చేతులూ మడమ వెనక లాక్ చేసి, ఒంటి బరువు వెనక్కి లాగాలి. చేయి పట్టగానే పని అయిపోయిందనుకునే కుర్రాళ్ళు ఎక్కువ. లాగడం నేర్పనివాడు సగమే నేర్పినట్టు. తర్వాత కార్నర్‌తో పాటు ఇన్ ఎలా కదలాలో, కవర్ ఎప్పుడు డాష్ ఇవ్వాలో (గుద్ది బయటికి నెట్టాలో), ఎప్పుడు బ్లాక్‌కి అడ్డం రావాలో జతలుగా చేయిస్తున్నాడా? ఒక్కో కదలిక ఆరుసార్లు, నాలుగు విడతలు, మధ్యలో విరామం. ఇలా లెక్క పెట్టి చేయించేవాడికి కుర్రాడి ఒంట్లో ఎంత బలం మిగిలిందో తెలుసు. గంటన్నరా పూర్తి ఒరిపిడితో మ్యాచ్ ఆడించి "అదే డిఫెన్స్" అనేవాడిని నమ్మొద్దు. వారంలో మూడు రోజులకి మించి పూర్తి వేగం ట్యాకిల్ సాధన పెడితే నాలుగో వారానికి భుజాలూ, చీలమండలూ ఇచ్చేస్తాయి.

మూడో రోజు మ్యాచ్. జట్టుని రెండుగా చీల్చి 20, 20 నిమిషాలు. బలమైన ఏడుగురిని అవతల వైపు పెట్టి, బలహీనమైన ఏడుగురిని ఆయనకివ్వండి. గెలుస్తాడా అని కాదు, ఆ చేతిలో ఉన్నవాళ్ళతో ఏం చేస్తాడా అని. టైమ్ అవుట్‌లో ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేయండి. "ఆడండ్రా, ఆడండి" అని అరిచేవాడు ఒకరు. "అవతల ఐదో నంబరు కుడి కాలుతోనే వస్తున్నాడు, ఎడమ కార్నర్ ఆగు, కవర్ ముందు" అని చెప్పేవాడు ఒకరు. తేడా మీకే తెలుస్తుంది. ఆలౌట్ అయిన తర్వాత మొదటి రైడ్‌కి ఎవరిని పంపాడో కూడా రాసుకోండి.

ఈ మూడు రోజుల్లోనే ఒక గంట కూర్చుని మాట్లాడండి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: మూడు నిమిషాలు మిగిలాయి, నాలుగు పాయింట్లు మనం ముందున్నాం, రైడ్ మనది, ఏం చేస్తారు? మూడు నిమిషాలంటే 180 సెకన్లు. ప్రతి రైడ్ 30 సెకన్లూ వాడుకుంటే ఆరు రైడ్లు, మనవి మూడు. అంతకుముందు మన ఖాళీ రైడ్లేవీ లెక్కలో లేకపోతే మొదటి రెండూ ఖాళీగా తెచ్చుకోవచ్చు, కూత పెట్టి బాక్‌లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి 30 సెకన్లూ తినేసి రావచ్చు. మూడోది డూ ఆర్ డై. దానికి ఎవరిని పంపాలో మొదటి రైడ్‌కి ముందే అనుకోవాలి. అవతలి జట్టు వెనకబడి ఉంది, ఖాళీగా వెళ్ళదు, తప్పకుండా లోపలికి వస్తుంది. అప్పుడు మన కోర్టులో ముగ్గురే ఉంటే పట్టుకున్న ట్యాకిల్‌కి రెండు పాయింట్లు, కానీ పోతే ఆలౌట్ దగ్గరపడుతుంది. ఈ లెక్కని నోటితో కాకపోయినా కాగితం మీద అయినా విప్పగలవాడు మీ చివరి ఐదు నిమిషాల జబ్బుకి మందు ఇవ్వగలడు. మీ టోర్నీల్లో డూ ఆర్ డై నిబంధన లేకపోతే జవాబు మారుతుంది. "నిబంధన ఉందా లేదా?" అని ఆయనే ముందు అడిగితే ఇంకా మంచిది.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది పొరబడతారు. "ఎన్ఐఎస్ చేశాను" అని అందరూ అంటారు. ఎన్ఐఎస్ అంటే కోచ్‌లకి శిక్షణ ఇచ్చే జాతీయ క్రీడా సంస్థ. పటియాలా ఎన్ఐఎస్ పూర్తి డిప్లొమా వేరు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. రెండోది చేసినవాళ్ళు పనికిరారని కాదు, కానీ మీరు ఏది అనుకుని జీతం మాట్లాడుతున్నారో తెలియాలి. అసలు కాగితం చూడండి, ఫోటో కాదు. తర్వాత ఆయన ఇదివరకు పనిచేసిన చోట ముగ్గురికి ఫోన్ చేయండి. అధ్యక్షుడికి కాదు, ఆయన ఎవరి గురించైనా మంచే చెబుతారు. ఆయన పక్కన పెట్టిన ఆటగాడికి ఒకరికి, గాయమై కోలుకున్నవాడికి ఒకరికి, కోశాధికారికి ఒకరికి. పక్కన పెట్టినవాడు కూడా "ఎందుకు తీశాడో చెప్పి తీశాడు" అంటే, అదొక్కటే చాలా బరువైన మాట.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొన్ని టోర్నీల్లో పురుషులకి 85 కిలోల బరువు పరిమితి ఉంటుంది. పోటీకి రెండు రోజుల ముందు నీళ్ళు మాన్పించి, ఎండలో ప్లాస్టిక్ జాకెట్ వేయించి పరుగెత్తించి బరువు దింపే కోచ్‌లు ఉన్నారు. ఒంగోలు, నెల్లూరు మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వడదెబ్బకి ప్రాణం పోతుంది. బరువు ఎక్కువున్న ఆటగాడిని ఎన్ని వారాల్లో ఎన్ని కిలోలు దింపుతారని అడగండి. వారానికి అర కిలో నుంచి ముప్పావు కిలో, తిండి సరిచేసి అని చెప్పాలి. "రెండు రోజుల్లో నాలుగు కిలోలు నేను చూసుకుంటా" అన్నవాడిని ఆ క్షణమే జాబితాలోంచి తీసేయండి. మిగతా గుణాలు ఎన్ని ఉన్నా సరే.

ఒప్పందం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మంచి కోచ్‌లు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కోర్టులోకి దిగే ఏడుగురిని కోచే ఎంచుకోవాలి. కమిటీ చేతిలో ఉండాల్సినవి జీతాలు, జట్టులోకి ఎవరిని కొత్తగా తీసుకోవాలన్న తుది సంతకం, క్రమశిక్షణ. స్పాన్సర్ గారి మేనల్లుడిని ఆడించమని ఒక్కసారి ఫోన్ వెళ్ళిందంటే మిగతా పదమూడు మందికీ ఆ కోచ్ మాట మీద నమ్మకం పోతుంది. ఇది కాగితం మీద రాయండి, స్పాన్సరు కూడా సంతకం పెట్టాలి. జీతం మీ జట్టులో ఎక్కువ తీసుకునే ఆటగాడి జీతం కంటే తక్కువ ఉండకూడదు. తక్కువైతే ఆ ఆటగాడే అసలు కోచ్ అవుతాడు. రెండు సీజన్ల ఒప్పందం, మొదటి సీజన్ అయ్యాక సమీక్ష, ఎవరు వదులుకున్నా ముప్పై రోజుల నోటీసు. బోనస్ మొత్తం కప్పు మీదే పెట్టకండి. సగం కప్పు మీద, సగం మీరు ముందే వేసిన లెక్కల మీద పెట్టండి. ఉదాహరణకి, ఆలౌట్లు మూడో వంతు తగ్గితే ఇంత. అలా చేస్తే రేపటి మ్యాచ్ కోసం గాయపడ్డ కుర్రాడిని ఆడించే అవసరం ఆయనకి ఉండదు.

కోచ్ ఒక్కడే వస్తే సగం పనే జరుగుతుందన్నది మన ఆటకే కాదు, ట్యాకిల్ ఉన్న ప్రతి ఆటకీ వర్తిస్తుంది. ఇంగ్లండ్ రగ్బీలో లీసెస్టర్ టైగర్స్ 2019-20 సీజన్‌లో 12 జట్లలో 11వ స్థానంలో ముగిసింది. 2020లో స్టీవ్ బోర్త్‌విక్ హెడ్ కోచ్‌గా వచ్చారు. శారీరక సామర్థ్యం చూసుకోవడానికి, 2019 ప్రపంచకప్ గెలిచిన దక్షిణాఫ్రికా జట్టులో ఆ పని చేసిన అలెడ్ వాల్టర్స్ వచ్చారు. 2021లో డిఫెన్స్‌కి కెవిన్ సిన్‌ఫీల్డ్ వచ్చారు. మొదటి ఏడాది ఆరో స్థానం. రెండో ఏడాది, 2022 జూన్ ఫైనల్లో సారసెన్స్‌ని 15-12తో ఓడించి విజేత. మీ క్లబ్బుకి ముగ్గురు కోచ్‌ల స్తోమత లేదు. అయినా వారానికి రెండు రోజులు వచ్చే ఫిజియో, రోజూ వీడియో తీసి లెక్కలు రాసే ఒక డిగ్రీ కుర్రాడు, ఈ ఇద్దరికీ డబ్బు పక్కన పెట్టండి. అవసరమైతే ఒక ఆటగాడిని తగ్గించుకోండి.

కాలం గురించి మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఆలోచించాలి. సంక్రాంతి పోటీలకి ముందు గట్టిగా సాధన చేయాల్సిన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలే మనకి వానలు. వాయుగుండం పట్టిందంటే మట్టి కోర్టు వారం పది రోజులు పనికిరాదు. కొత్త కోచ్ అక్టోబర్‌లో చేరితే సగం సాధన నీళ్ళపాలు. జూన్‌లో ప్రకటన, జూలైలో ట్రయల్స్, ఆగస్టు ఒకటికి చేరడం. అప్పుడు వానల ముందే రెండు నెలలు చేతికొస్తాయి. వానాకాలానికి పైకప్పు ఉన్న చోటు ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఖాళీగా ఉన్న గోదాము గానీ, కల్యాణ మండపం గానీ. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండు మీటర్లయినా ఖాళీ ఉండాలి, గోడకి తలలు కొట్టుకోకుండా. మ్యాట్ పలకలు గచ్చు మీద పరిచేటప్పుడు కీళ్ళ దగ్గర పైకి లేవకుండా రోజూ చూడాలి. అక్కడే కాలివేళ్ళు ఇరుక్కుంటాయి.

మీ కుర్రాళ్ళలో కొందరు చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో షిఫ్టులు చేస్తున్నారని, ఇంకొందరు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉంటున్నారని రాశారు. ఈ సంగతి ముగ్గురికీ ముందే చెప్పండి. రాత్రంతా మేలుకున్నవాడిని పొద్దున ఐదున్నరకి పూర్తి వేగం ట్యాకిల్‌కి దింపితే గాయం ఖాయం. షిఫ్టుల పట్టిక అడిగి, దాన్నిబట్టి రెండు గుంపులు చేస్తానన్నవాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి.

చేరిన తర్వాత మొదటి ఆరు వారాలు మ్యాచ్‌లు ఒప్పుకోవద్దు, పిలుపులు ఎన్ని వచ్చినా. మొదటి రెండు వారాలు శరీర పరీక్షలు, చీలమండ, తుంటి కదలికలు, బలం. మూడు, నాలుగు వారాలు జతల డిఫెన్స్. ఐదు, ఆరు వారాల్లో ఏడుగురి ఆట. కొత్త కోచ్ ఉత్సాహంలో మొదటి వారమే పూటకోసారి సాధన పెడతాడు, పదో రోజుకి ముగ్గురు తొడ కండరాలు పట్టుకుని కూర్చుంటారు. ఇది చాలాచోట్ల జరిగేదే, ముందే మాట్లాడుకోండి. తర్వాత ఆరు మ్యాచ్‌లు అయ్యేదాకా తీర్పు ఇవ్వొద్దు. ఆరు అయ్యాక మళ్ళీ అవే ఐదు లెక్కలు వేయండి. ఆరింటిలో రెండే గెలిచినా, ఒక్క ట్యాకిల్‌లో ముగ్గురు పోవడం ఆగిపోయి ఉంటే, ఆలౌట్లు తగ్గి ఉంటే, ఆ మనిషిని కదపొద్దు. నాలుగు గెలిచినా లెక్కలు మారకపోతే, గెలుపు ఎవరో ఒక రైడర్ ఫామ్ వల్ల వచ్చిందన్నమాట.

మీరు రాసినంతవరకు నా మొగ్గు చెప్పమంటే, లెక్కల్లో డిఫెన్స్ లోపమే తేలితే పీడీ మేస్టారిని హెడ్ కోచ్‌గా, పేరున్న రైడర్ గారిని వారానికి రెండు రోజులు రైడింగ్ నేర్పడానికి తీసుకోవడం మీ డబ్బుకి తగిన ఏర్పాటు. శాఖ అనుమతి రాకపోతే హర్యానా కోచ్, పక్కన తెలుగు సహాయకుడు. చివరి ఐదు నిమిషాలే జబ్బయితే, పైన చెప్పిన మూడు నిమిషాల ప్రశ్నకి జవాబు బాగా విప్పినవారు.

కోచ్ తేలేదాకా కోర్టు ఖాళీగా పెట్టొద్దు. మీ జట్టులో అందరూ గౌరవించే పెద్ద ఆటగాడికి, రైడర్ కాకుండా డిఫెండర్ అయితే మేలు, ఈ రెండు నెలలూ సాధన అప్పగించండి. ట్యాకిల్ పూర్తి వేగంతో వద్దు. పరుగు, బలం, యాంకిల్ హోల్డ్ నడక వేగంతో, అంతే. అందరి బరువూ ప్రతి సోమవారం ఉదయం రాయించండి. ఆ పుస్తకం కొత్త కోచ్ చేరిన రోజున ఆయన చేతికివ్వాలి.